వర్జినల్ బుక్ రాసిన చెయ్యి ఎవరిది? ట్రెజియన్ వివాదం వెనుక కథ

కేంబ్రిడ్జ్‌లోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో ఎర్రటి మొరాకో తోలు అట్ట వేసిన ఒక చేతిరాత పుస్తకం ఉంది. దీన్ని ఫిట్జ్‌విలియం వర్జినల్ బుక్ అంటారు. అట్ట మీద బంగారు రేకుతో నగిషీ, దాని మధ్య చల్లినట్టుగా చిన్న చిన్న లిల్లీ పూల ముద్రలు. లోపల 220 కాగితాలు. వాటిలో 209 కాగితాల మీద సంగీతం రాసి ఉంది. మొత్తం 297 రచనలు. విలియం బర్డ్, జాన్ బుల్, గైల్స్ ఫార్నబీ, పీటర్ ఫిలిప్స్, థామస్ మోర్లీ, ఇంకా చాలామంది. ఎలిజబెత్ రాణి కాలం నుంచి మొదటి జేమ్స్ కాలం దాకా ఇంగ్లండ్‌లో మెట్ల వాద్యాల కోసం ఏం కూర్చారో తెలుసుకోవాలంటే ముందు తెరవాల్సిన పుస్తకం ఇదే. ఫార్నబీ కూర్చిన వాద్య రచనల్లో దాదాపు అన్నీ ఇందులో ఉండబట్టే మిగిలాయి. ఈ ఒక్క పుస్తకం తగలబడిపోయి ఉంటే ఫార్నబీ అనే పేరు మనకు పాటల పుస్తకాల్లో మాత్రమే కనిపించేది.

ఈ పుస్తకానికి కొత్త ముద్రణ వచ్చిన ప్రతిసారీ, కొత్త రికార్డింగ్ వచ్చిన ప్రతిసారీ ఒకే గొడవ మళ్లీ మొదలవుతుంది. ఇది ఎవరు రాశారు? 2020లో జాన్ బాక్సెండేల్, ఫ్రాన్సిస్ నైట్స్ కలిసి మూడు సంపుటాల కొత్త ముద్రణ తెచ్చారు. డచ్ వాద్యకారుడు పీటర్-యాన్ బెల్డర్ ఏళ్ల తరబడి కూర్చుని పుస్తకం మొత్తాన్ని రికార్డు చేశాడు. వినేవాళ్లు పెరిగారు, వాళ్లతో పాటు ప్రశ్న కూడా తిరిగొచ్చింది.

ఒక పక్షం చెప్పేది ఇది. కార్న్‌వాల్‌కి చెందిన ఫ్రాన్సిస్ ట్రెజియన్ అనే కాథలిక్ పెద్దమనిషి లండన్‌లోని ఫ్లీట్ జైల్లో పడి ఉన్న రోజుల్లో, పొద్దుపోవడానికీ, మనసు నిలబెట్టుకోవడానికీ ఒక్కో రచనా సేకరించి తన చేత్తో రాసుకున్నాడు. రెండో పక్షం దీన్ని కట్టుకథ అంటుంది. ఇంత మంచి కాగితం మీద, ఇంత తీరుగా రాసిన పుస్తకం జైలు గదిలో పుట్టదు, డబ్బున్న పోషకుడి కోసం వృత్తి లేఖకులు చేసిన పని ఇది అంటుంది.

ఎలిజబెత్ కాలంలో ఇంగ్లండ్ ప్రొటెస్టెంట్ రాజ్యం, అక్కడ కాథలిక్‌గా మిగిలితే జరిమానాలూ జైలూ తప్పేవి కావు. ఆ చరిత్రనంతా ఇక్కడ తిరగేయను. వర్జినల్ అంటే ఏమిటో మాత్రం ఒక్క మాట. హార్మోనియానికి ఉన్నట్టే దానికీ మెట్లు ఉంటాయి, కానీ గాలితో పని లేదు. మెట్టు నొక్కితే లోపల పక్షి ఈక ముల్లు ఒకటి లేచి తీగను మీటుతుంది. బల్ల మీద పెట్టుకోగలిగే చిన్న పెట్టె. మన పుస్తకం ఆ పెట్టె కోసం రాసింది.

ఈ తగువు మొత్తానికి కీలకం సంగీత పండితుల వ్యాసాల్లో కాదు, ఒక జైలు అధికారి లెక్కల్లో ఉందని నా నమ్మకం. అందుకే కథ అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

ఫ్లీట్ జైలుకి వార్డెన్‌గా ఉన్న అలెగ్జాండర్ హారిస్ మీద ఖైదీలు పంతొమ్మిది ఆరోపణలు చేశారు. డబ్బులు గుంజుతున్నాడనీ, వేధిస్తున్నాడనీ. ఒక్కోదానికీ జవాబు చెప్పుకుంటూ హారిస్ పెద్ద సంజాయిషీ రాశాడు. 1879లో పాత పత్రాలు అచ్చువేసే కామ్డెన్ సొసైటీ దాన్ని అచ్చువేసింది. తనే నష్టపోయానని చూపించడానికి అతను బాకీదారుల పేర్లు ఏకరువు పెట్టాడు. ఆ బాకీదారుల్లో ఫ్రాన్సిస్ ట్రెజియన్ ఒకడు. తిండికీ, తాగడానికీ, గది అద్దెకీ కలిపి 200 పౌండ్లకు పైగా బాకీపడి చనిపోయాడు. అతని గదుల్లో మాత్రం వందల కొద్దీ పుస్తకాలున్నాయి.

ఈ చిన్న లెక్కలో చాలా సంగతులు దాగి ఉన్నాయి. ఖైదీకి గది అద్దె ఏమిటి? ఫ్లీట్ మనం ఊహించుకునే జైలు కాదు. అక్కడ వార్డెన్ ఉద్యోగం ఒక ఆదాయ వనరు. ఖైదీలే అద్దె కట్టాలి, తిండికి కట్టాలి, రుసుములు కట్టాలి. డబ్బు లేనివాడు అడుక్కునే చోట పడి ఉంటాడు. డబ్బున్నవాడు విడి గది తీసుకుంటాడు, సామాను తెచ్చుకుంటాడు, చుట్టాలు వచ్చి పోతుంటారు. అప్పులవాళ్లూ, మత విషయంలో మొండికేసిన పెద్దింటివాళ్లూ ఎక్కువగా ఉండే జైలు అది. అందులో ఒకడి దగ్గర వందల పుస్తకాలు ఉన్నాయంటే, అతని దగ్గర కాగితం, సిరా, బల్ల, వెలుతురు ఉన్నాయని వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. హారిస్‌కి సంగీతంతో పనిలేదు. ట్రెజియన్‌ని పొగడాల్సిన అవసరం అంతకన్నా లేదు. అతని బాధ అంతా రాని బాకీ గురించి. అలాంటివాడు విసుక్కుంటూ రాసిన మాటలో అబద్ధం చొరబడే సందు తక్కువ. దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత ఎవరో ఊహించి రాసిన ముందుమాట కన్నా ఈ విసుగునే నేను ఎక్కువ నమ్ముతాను.

జైలు అనగానే చాలామంది కళ్ల ముందు గొలుసులు కదులుతాయి. ఈ వివాదంలో రెండు పక్షాలూ ఆ బొమ్మతోనే ఇబ్బంది పడ్డాయి. ఒకరికి అది కన్నీళ్లు తెప్పించే కథ, ఇంకొకరికి అది జరగడానికి వీల్లేని కథ. హారిస్ లెక్క చూస్తే రెండూ కాదు. అద్దె ఇంట్లో ఉన్నట్టు ఉంటూ, బయటికి మాత్రం వెళ్లలేని చదువుకున్న మనిషి కనిపిస్తాడు.

ఆ కుటుంబానికి ఫ్లీట్ కొత్త కాదు. తండ్రి పేరు కూడా ఫ్రాన్సిస్ ట్రెజియనే. కార్న్‌వాల్‌లో ప్రోబస్ దగ్గర గోల్డెన్ అనే చోట వాళ్ల ఇల్లు. 1577 జూన్ 8న షెరిఫ్ రిచర్డ్ గ్రెన్‌విల్ మనుషుల్ని వెంటేసుకుని ఆ ఇంటి మీద పడ్డాడు. ఇంట్లో కత్‌బర్ట్ మేన్ అనే కాథలిక్ ఫాదర్ దొరికాడు. మెడలో పోపు ఆశీర్వదించిన మైనపు బిళ్ల ఉంది. ఆ బిళ్లే నేరానికి సాక్ష్యమైంది. మేన్‌ని ఆ ఏడాది నవంబరు చివర్లో లాన్‌స్టన్‌లో చంపేశారు. 1970లో రోమ్ ఆయన్ని సెయింట్‌గా ప్రకటించింది. ఆశ్రయమిచ్చిన తండ్రి ట్రెజియన్ ఆస్తంతా పోయింది. భూములు రాణిగారి బంధువుల చేతికి వెళ్లాయి. ఆయన పాతికేళ్లకు పైగా ఖైదులో గడిపాడు. అందులో ఎక్కువ కాలం ఫ్లీట్‌లోనే. పద్దెనిమిది మంది పిల్లల్లో పదకొండు మంది ఆయన ఖైదులో ఉండగానే పుట్టారని చెప్తారు. భార్య వచ్చి ఉండగలిగిన జైలు, పిల్లలు పుట్టి పెరగగలిగిన జైలు అది. అలాంటి చోట పుస్తకం రాయడం అసాధ్యమనేవాళ్లు ఈ ఒక్క సంగతి దగ్గర ఆగి ఆలోచించాలి. జేమ్స్ గద్దెనెక్కాక ఆయన్ని వదిలేసి దేశం విడిచి పొమ్మన్నారు. 1608లో లిస్బన్‌లో కన్నుమూశాడు.

చాలా వ్యాసాలు ఈ తండ్రి కథనే సగం పేజీలు రాసి, కొడుకు దగ్గరికి వచ్చేసరికి గబగబా ముగిస్తాయి. నిజానికి మనకు కావాల్సింది కొడుకే.

కొడుకు ఫ్రాన్సిస్ 1574 ప్రాంతంలో పుట్టాడు. ఇంగ్లండ్‌లో కాథలిక్‌గా చదువుకునే దారి లేక ఫ్రాన్స్‌కి పంపించారు. 1586లో, పన్నెండేళ్ల వయసులో, ప్రవాసంలో ఉన్న ఇంగ్లిష్ కాథలిక్కులు నడిపే కాలేజీలో చేరాడు. తర్వాత రోమ్. అక్కడ కార్డినల్ విలియం ఆలెన్ ఇంట్లో కొలువు. ఆలెన్ ఇంటి మనుషుల జాబితా ఒకటి ఇటాలియన్‌లో మిగిలి ఉంది. అందులో ఇతని గురించి రాసిన వాక్యం సారాంశం ఇది: గొప్ప వంశం, ఇరవై ఏళ్ల వయసు, ఫాదర్ కాదు, చాలా చురుకైన బుద్ధి, తత్వశాస్త్రంలో, సంగీతంలో, లాటిన్‌లో పండితుడు. 1594లో ఆలెన్ చనిపోతే అంత్యక్రియల ప్రసంగం చేసింది ఈ కుర్రాడే.

సంగీతంలో పండితుడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ట్రెజియన్‌కి సంగీతం వచ్చని అతని సమకాలికులు కాగితం మీద పెట్టిన మాట ఇది. మనం తర్వాత అల్లుకున్నది కాదు.

1605, 1606 ప్రాంతంలో ఇంగ్లండ్ తిరిగొచ్చి, తండ్రి పోగొట్టుకున్న భూముల్ని డబ్బు కట్టి విడిపించుకోవడానికి పూనుకున్నాడు. దానికి అప్పులయ్యాయి. పైగా ప్రొటెస్టెంట్ చర్చికి వెళ్లనన్నందుకు కేసులు. మతమా, అప్పులా, అతన్ని ఫ్లీట్‌లో ఎక్కువ కాలం ఉంచింది ఏది అన్న దాని మీద కూడా చరిత్రకారుల్లో రెండు మాటలున్నాయి. నాకైతే ఆ రెండూ వేరువేరు కావు. కాథలిక్ అయినందుకే ఆస్తి పోయింది, ఆస్తి కోసమే అప్పులయ్యాయి. 1619 నాటికి అతను లేడు. మిగిలింది హారిస్ బాకీ.

ఇక పుస్తకం లోపలికి వెళ్దాం. అసలు సాక్ష్యం అక్కడుంది.

ఆ రోజుల్లో ఇలాంటి సంపుటాలు రాసినవాళ్లు చాలావరకు తమ గుర్తు వదిలారు. బర్డ్ రచనల్ని లేడీ నెవెల్ కోసం ఎత్తిరాసిన జాన్ బాల్డ్విన్, విండ్సర్‌లో 1591 సెప్టెంబరు 11న పూర్తిచేశానని చివర్లో పేరుతో సహా రాసుకున్నాడు. లండన్‌లో చార్టర్‌హౌస్ ఆర్గన్ వాద్యకారుడు బెంజమిన్ కోసిన్ తన సంపుటంలో తన రచనల్ని తన పేరుతోనే చేర్చుకున్నాడు. కేంబ్రిడ్జ్ పుస్తకంలో సంతకం లేదు, తేదీ లేదు, ఎవరికి అంకితమో లేదు. ఉన్నవల్లా కొన్ని పొట్టి అక్షరాలు.

బర్డ్ రచన ఒకటి తీసుకుందాం. కింద ఒకే మంద్ర స్వరాల వరుస తిరిగి తిరిగి వస్తుంటే, పైన కొత్త కొత్త సంగతులు అల్లుకుంటూ పోయే రచన. ఇంగ్లండ్‌లో దీన్ని గ్రౌండ్ అంటారు. 1591లో బాల్డ్విన్ రాసిన పుస్తకంలో దీని పేరు హ్యూ ఆస్టన్స్ గ్రౌండ్. హ్యూ ఆస్టన్ పాతతరం సంగీతకారుడు. ఆ పేరు లోకానికి తెలిసిన పేరు. కేంబ్రిడ్జ్ పుస్తకంలో అదే రచన పైన ఏముందో తెలుసా? ట్రెగ్. గ్రౌండ్. స్వరాలు అవే, కూర్చినవాడు ఆ బర్డే, పేరు మాత్రం మారింది. అందరికీ తెలిసిన పేరు పక్కనపెట్టి ట్రెజియన్ పేరు పెట్టాల్సిన అవసరం ఎవరికి ఉంటుంది? జీతానికి రాసే లేఖకుడికి ఎందుకుంటుంది? ముందున్న ప్రతిలోనే అలా ఉందేమో అని అడగొచ్చు. సరే, అప్పుడా ప్రతి ట్రెజియన్ ఇంటి నుంచి వచ్చిందనుకోవాలి. ఎటు తిరిగినా ఆ ఇంటి గడపకే చేరుతున్నాం.

ఇది ఒక్కటే అయితే యాదృచ్ఛికం అనుకోవచ్చు. విలియం టిస్‌డేల్ కూర్చిన క్రొమాటిక్ (స్వరాలు అర మెట్టు చొప్పున నడిచే) పవాన్ ఒకటి ఉంది. పవాన్ అంటే నెమ్మదిగా, గంభీరంగా నడిచే ఒక నృత్యం. దాని పేరు పక్కన మిసెస్ కాథరిన్ ట్రెజియన్స్ పవాన్ అని ఉంది. బర్డ్ పవాన్ ఒకదానికి పిహెచ్. టిఆర్. అన్న గుర్తు ఉంది. ట్రెజియన్ల ఇంట్లో ఫిలిప్పా అనే పేరు ఉంది కాబట్టి అది ఆమే అంటారు. పీటర్ ఫిలిప్స్ పవాన్ మీద డొలొరోసా, ట్రెగ్., 1593 అని ఉంది.

ఈ ఆఖరిదాని దగ్గర కాస్త ఆగుదాం. ఫిలిప్స్ కూడా ఇంగ్లండ్ వదిలిపోయిన కాథలిక్కే. రోమ్‌లో ఇంగ్లిష్ కాలేజీలో ఆర్గన్ వాయించాడు, తర్వాత ఆంట్‌వెర్ప్‌లో స్థిరపడ్డాడు. 1593లో డచ్ సంగీతకారుడు స్వేలింక్‌ని చూసి వినడానికి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి తిరిగొస్తుంటే, ఎలిజబెత్‌ని చంపే కుట్రలో ఉన్నాడన్న అనుమానంతో పట్టుకుని ద హేగ్‌లో జైల్లో పెట్టారు. తర్వాత వదిలేశారు. ఈ పవాన్ ఆ జైల్లోనే కూర్చాడని చెప్తారు. స్వరాలు అర మెట్టు, అర మెట్టు చొప్పున పైకి పాకుతుంటే, మళ్లీ అలాగే కిందికి జారుతుంటే వినేవాడికి గొంతు పట్టేస్తుంది. డొలొరోసా అంటే దుఃఖంతో నిండినది. జైల్లో ఉన్న ఒక కాథలిక్ కూర్చిన రచన మీద, ఆ ఏడు ఫ్లీట్ జైల్లో ఉన్న ఇంకో కాథలిక్ ఇంటిపేరు. 1593 నాటికి కొడుకు రోమ్‌లో ఉన్నాడు కాబట్టి ఆ ట్రెగ్. తండ్రే అయ్యుండాలని నా అభిప్రాయం. అయినా తండ్రి కోసం పెట్టిన గుర్తును ఇరవై ఏళ్ల తర్వాత కూడా జాగ్రత్తగా ఎత్తిరాసింది ఎవరు?

ఇంకోటి చూడండి. ఈ పుస్తకంలో ఫిలిప్స్ రచనలు పంతొమ్మిది ఉన్నాయి. ఫిలిప్స్ ఇంగ్లండ్‌లో ఉండటమే లేదు. అతని రచనలు, కాచినీ, మరెంజియో, లాసో పాటల మీద అతను అల్లిన వాద్య రూపాలు, తేదీలతో సహా ఈ పుస్తకంలోకి ఎలా వచ్చాయి? 1580, 1602, 1603, 1605 అని వరుసగా తేదీలు కూడా ఉన్నాయి. 1580 నాటి పవాన్ పక్కన ఇది ఫిలిప్స్ మొట్టమొదట కూర్చింది అని కూడా రాసి ఉంది. ఆ కూర్చినవాడికి దగ్గరివాళ్లకు తప్ప ఇలాంటి సంగతి తెలియదు. స్వేలింక్ రచన ఒకదాని మీద 1612 అని ఉంది. పుస్తకంలో కనిపించే ఆఖరి తేదీ అదే. యూరప్ ఖండంలోని కాథలిక్ ప్రవాసుల మధ్య పెరిగి, రోమ్ చూసి, ఇటాలియన్ తెలిసి, సంగీతం వచ్చి, ఆ తర్వాత లండన్‌లో ఉన్న మనిషి ఎవరని వెతికితే జాబితా చాలా చిన్నది.

అలాగే మొదటి పేజీ. పుస్తకం జాన్ బుల్ కూర్చిన వాల్సింగ్‌హామ్‌తో మొదలవుతుంది. ఒక పాత పాట మీద ముప్పై మార్పులు. చేతులు ఒకదాని మీంచి ఒకటి దూకాలి. నార్ఫోక్‌లోని వాల్సింగ్‌హామ్ మేరీమాత పుణ్యక్షేత్రం. 1538లో ఎనిమిదో హెన్రీ మనుషులు దాన్ని నేలమట్టం చేశారు. ఆ క్షేత్రానికి నడిచి వెళ్లే యాత్రికుడి పాట ఇది. బుల్ రచన ప్రసిద్ధమైందే కాబట్టి దీన్ని నిరూపణ అనను. అయినా 297 రచనల్లో ముందు పెట్టుకోవాల్సింది ఏది అని ఎంచుకునే చేతిలో ఏదో ఒక ఉద్దేశం ఉంటుంది.

పుస్తకం చేతులు మారిన కథ చిన్నదే. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్‌లో స్థిరపడ్డ జర్మన్ సంగీతకారుడు పెపుష్ దగ్గర ఉండేది. ఆయన భార్య మార్గెరీటా మంచి గాయని, మెట్ల వాద్యం కూడా బాగా వాయించేది. ఎంత సాధన చేసినా ఆ మొదటి వాల్సింగ్‌హామ్ ఆమె చేతికి లొంగలేదని సంగీత చరిత్రకారుడు చార్లెస్ బర్నీ రాశాడు. 1762లో పది గినీలకు రాబర్ట్ బ్రెమ్నర్ కొన్నాడు, ఆయన దాన్ని వైకౌంట్ ఫిట్జ్‌విలియంకి ఇచ్చాడు. ఫిట్జ్‌విలియం 1816లో కేంబ్రిడ్జ్‌కి రాసిచ్చాడు. అంతకాలం దీన్ని ఎలిజబెత్ రాణి సొంత పుస్తకం అనేవాళ్లు. రాణి 1603లో చనిపోయింది, పుస్తకంలో 1612 తేదీ ఉంది. అయినా ఆ మాట చాలాకాలం నడిచింది. పెద్ద పేరు ఒకసారి అతుక్కుంటే ఊడదీయడం కష్టం.

ట్రెజియన్ పేరు మొదట బయటికి తీసింది విలియం చాపెల్. పాత ఇంగ్లిష్ పాటల మీద పనిచేసిన పందొమ్మిదో శతాబ్దపు పండితుడు. ఆ తర్వాత 1899లో ఫుల్లర్ మెయిట్‌లాండ్, బార్క్‌లే స్క్వయర్ కలిసి మొత్తం పుస్తకాన్ని అచ్చువేశారు. స్క్వయర్ జైలు సంగతిని ముందుమాటలో పెట్టాడు. ఆయన జాగ్రత్తగా, ఒక ఊహగానే చెప్పాడు. ఆ ముద్రణ ప్రపంచమంతా తిరిగింది, ఇప్పటికీ చౌక పునర్ముద్రణలో దొరుకుతుంది. దాన్ని చూసి రాసిన క్యాసెట్ కవర్లూ, సీడీ బుక్‌లెట్లూ ఆ ఊహని మెల్లగా వాస్తవంగా మార్చేశాయి. ఇంకో నష్టం కూడా జరిగింది. పుస్తకం 1609 నుంచి 1619 మధ్య రాశారు అని చాలాచోట్ల కనిపించే లెక్క పుస్తకంలోంచి వచ్చింది కాదు. ట్రెజియన్ జైల్లో ఉన్న ఏళ్లని తీసుకొచ్చి పుస్తకానికి తగిలించారు. తర్వాత అదే లెక్కని చూపించి, చూశారా, తేదీలు కుదిరాయి అన్నారు. ఇది తప్పు వాదన. ట్రెజియన్ పక్షాన ఉన్నవాళ్లం ముందు ఒప్పుకోవాల్సింది ఇదే.

1951లో కథ మలుపు తిరిగింది. బ్రిటిష్ మ్యూజియంకి అంతకు కొన్నేళ్ల ముందు ఒక పెద్ద చేతిరాత సంపుటం చేరింది. ఇప్పుడది బ్రిటిష్ లైబ్రరీలో ఎగర్టన్ 3665 అన్న నంబరుతో ఉంది. వెయ్యికి పైగా పాటలు, మాడ్రిగల్స్ (కొన్ని గొంతులు కలిసి పాడే పాటలు), వాద్యబృంద రచనలు, ఎక్కువగా ఇటాలియన్‌వి. బెర్‌ట్రామ్ స్కోఫీల్డ్, థర్‌స్టన్ డార్ట్ దాన్ని పరిశీలించి, కేంబ్రిడ్జ్ పుస్తకం రాసిన చెయ్యే ఇదీ రాసిందన్నారు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉన్న ఇంకో సంపుటం కూడా ఆ చేతిదే అన్నారు. మరుసటి ఏడాది ఎలిజబెత్ కోల్ ట్రెజియన్ సంతకం ఉన్న పత్రాలు వెతికి పట్టుకుని, సంగీతం రాసిన చేతితో పోల్చి చూపించింది. 1963లో పమేలా విలెట్స్ ఆక్స్‌ఫర్డ్ క్రైస్ట్ చర్చ్‌లోని పాట పుస్తకాల్ని కూడా ఈ వరుసలో చేర్చింది. అప్పటిదాకా ఒక పుస్తకం గురించిన ప్రశ్న ఒక మనిషి గ్రంథాలయం గురించిన ప్రశ్నగా మారింది.

యాభై ఏళ్లు అదే మాట నడిచాక, 2001లో రూబీ రీడ్ థాంప్సన్ మ్యూజిక్ అండ్ లెటర్స్ పత్రికలో ఎదురు వాదన పెట్టింది. ఆమె కాగితాన్ని చూసింది. కాగితంలో దాగుండే నీటిగుర్తు బాసెల్‌ది, స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన మేలురకం కాగితం. అది జైలు ఖైదీకి అందుబాటులో ఉండే సరుకు కాదని, పెద్దింటి పోషణలో నడిచే రాత పనిని సూచిస్తుందని అంది. ఈ సంపుటాల్లో కనిపించేది ఒకే చెయ్యి కాదని, ఒకటి కన్నా ఎక్కువ చేతులున్నాయని వాదించింది. సంతకంతో పోల్చిన పద్ధతిని కూడా ప్రశ్నించింది. మరుసటి ఏడాదే డేవిడ్ స్మిత్ మ్యూజికల్ టైమ్స్‌లో జవాబిచ్చాడు, ట్రెజియన్‌ని పక్కకు నెట్టేయడానికి ఈ ఆధారాలు చాలవన్నాడు.

థాంప్సన్ చేసిన మేలు తక్కువది కాదు. ముందుమాటల్ని నమ్మకుండా కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూడమని ఆమె నేర్పింది. సంతకంలో ఉండేది పదో పన్నెండో అక్షరాలు, సంగీతం రాసే చెయ్యి వేరే రకంగా నడుస్తుంది, కాబట్టి ఆ పోలిక ఒక్కదాని మీదే ఇల్లు కట్టకూడదన్న ఆమె మాట నిజం. కానీ కాగితం ఖరీదు దగ్గర ఆమె వాదన నాకు నిలబడదు. తిండికీ అద్దెకీ 200 పౌండ్లకు పైగా బాకీ పెట్టి, వందల పుస్తకాలు కొన్న మనిషికి మేలురకం కాగితం అందని వస్తువా? అతను బీదవాడు కాదు, అప్పుల్లో ఉన్న పెద్దింటివాడు. అప్పుల్లో ఉన్న పెద్దింటివాళ్లు ఖర్చు దగ్గర వెనకాడరన్నది మన ఊళ్లలోనూ చూసిందే.

ఒకటి కన్నా ఎక్కువ చేతులున్నాయన్న మాట కూడా ట్రెజియన్‌ని తీసేయదు. సొంత సంపుటం కోసం కొంత భాగం ఇంకొకరితో రాయించుకున్నవాళ్లు ప్రతిచోటా ఉన్నారు. మన త్యాగరాజ కృతులు నిలిచింది కూడా శిష్యుల చేతుల మీదుగానే. వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ ఎత్తిరాసుకున్న ప్రతుల్ని మనం ఎలా చూస్తాం? ఏ అక్షరం ఎవరు దిద్దారన్న దాని కన్నా, ఆ సేకరణ ఎవరి మనసులోంచి పుట్టిందన్నది ముందు అడుగుతాం. ఇక్కడా అదే అడగాలి. ట్రెగ్. గ్రౌండ్ అన్న పేరుకు, ఫిలిప్స్ తొలి రచన అన్న గుర్తుకు, కాథరిన్ ట్రెజియన్ పేరుకు జవాబు చెప్పని ఏ సిద్ధాంతమూ నాకు పూర్తిగా అనిపించదు. పేరు తెలియని పోషకుడి మీదికి నెట్టే వాదనలో ఆ జవాబు చాలా పలచగా ఉంది.

ఇన్నేళ్ల గొడవలో జరిగిన పెద్ద పొరపాటు ఎవరు, ఎక్కడ అన్న రెండు ప్రశ్నల్ని ఒకే ముడి వేయడం. జైలు కథని పడగొడితే ట్రెజియన్ పడిపోతాడని ఒకరు, ట్రెజియన్‌ని నిలబెడితే జైలు కథ నిలుస్తుందని ఇంకొకరు అనుకున్నారు. అతను 1605, 1606 నుంచి ఇంగ్లండ్‌లో ఉన్నాడు. అంతకుముందు పదిహేనేళ్లకు పైగా ఖండంలో ఉన్నాడు. వేలాది పేజీల సంగీతం పోగుచేయడానికి జైలు ఒక్కటే చోటు కాదు. కొంత బయట సేకరించి ఉండాలి, కొంత లోపల ఎత్తిరాసి ఉండాలి. ఇలా విడదీస్తే థాంప్సన్ చూపించిన కాగితానికీ, కోల్ చూపించిన సంతకానికీ మధ్య ఉందనుకున్న వైరం చాలావరకు తగ్గిపోతుంది.

అతను స్వయంగా ఏమైనా కూర్చాడా అన్న ప్రశ్న ఒకటి మిగిలింది. పుస్తకంలో హెవెన్ అండ్ ఎర్త్ అని ఒక చిన్న రచన ఉంది. కర్త పేరు దగ్గర ఎఫ్, ఆర్, ఈ అన్న మూడక్షరాలు మాత్రమే. ఫ్రాన్సిస్ ట్రెజియన్ పేరులోంచి తీసిన అక్షరాలని కొందరు అంటారు. అతన్ని సంగీతకర్తగా చూడాలనుకునేవాళ్లు ఆ మూడక్షరాల్ని చూపిస్తారు. నేనైతే అంత దూరం వెళ్లను. సేకరించినవాడిగానే అతని పేరు నిలబడాలి, అది తక్కువ పేరేం కాదు.

ఇకముందు బుక్‌లెట్లు రాసేవాళ్లని నేను కోరేది చిన్న మార్పు. జైల్లో రాసిన పుస్తకం అన్న వాక్యం తీసేయండి. బహుశా ఫ్రాన్సిస్ ట్రెజియన్ సేకరించింది అని రాయండి. దాని పక్కనే, వీలైతే, ట్రెగ్. గ్రౌండ్ అన్న పేరున్న పేజీ ఫొటో ఒకటి వేయండి. సిరా కాస్త వెలసిన ఆ నాలుగు అక్షరాలు, కింద ఆరు గీతల మీద బర్డ్ మంద్ర స్వరాలు. చదివేవాళ్లు తమ కళ్లతో చూసి తేల్చుకుంటారు.